జవాబు అర పాయింట్, ఎందుకో చెప్తే ఇంకో అర: మ్యాన్‌హైమ్ నుంచి టురిన్ దాకా పాత కార్ల వెంట ఏడు రోజులు

మొదటి రోజు – మ్యాన్‌హైమ్, లాడెన్‌బర్గ్

ఈ ట్రిప్ వెనక రెండేళ్ళ వాదన ఉంది. ప్రపంచంలో మొదటి కారు ఏది అంటే మా బావ 1886 బెంజ్ అంటాడు, మా బాబాయి కొడుకు (వాణ్ణి చిన్నోడనే పిలుస్తాం, ఇక్కడా అదే రాస్తా) కాదు 1769లో ఫ్రాన్స్‌లో క్యున్యో చేసిన ఆవిరి బండి అంటాడు, నేనేమో వియన్నాలో కారు చేసిన జీగ్‌ఫ్రీడ్ మార్కుస్ సంగతి ఎత్తుతాను. ఎవరూ తగ్గరు. చివరికి బావే అన్నాడు, ఇంట్లో కూర్చుని కొట్టుకోవడం దేనికి, ఆ ఊళ్ళకే పోయి చూసొద్దాం పదండి అని. రెంట్ కారు, ముగ్గురు మనుషులు, బావ చేతిలో స్కోరు రాయడానికి చిన్న నోట్‌బుక్. రూల్ కూడా ఆయనదే: జవాబు చెప్తే అర పాయింట్, అది అలా ఎందుకైందో చెప్తే ఇంకో అర. ఎందుకో తెలియని జవాబు బట్టీ పట్టినా వచ్చేస్తుంది, దానికి పూర్తి పాయింట్ ఇచ్చేది లేదన్నాడు. ఈ రూల్ ఇంత పని చేస్తుందని ఆరోజు మాకెవరికీ తెలీదు.

మ్యాన్‌హైమ్ నడి ఊళ్ళో వీధులకి పేర్లుండవు, బ్లాకులకి అక్షరాలు అంకెలు ఉంటాయి, అది అలవాటయ్యేసరికే గంట పట్టింది. మొదటి ప్రశ్న చిన్నోడిది. "అన్నయ్యా, ఈ ఊళ్ళో కారు కంటే ముందు ఇంకో బండి పుట్టింది, ఏంటది?" ఇది నాకు తెలుసు. 1817 జూన్ 12న కార్ల్ డ్రైస్ పెడల్స్ లేని రెండు చక్రాల బండి, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోయేది, ఈ ఊర్నుంచే తోలుకుంటూ బయల్దేరాడు. సైకిల్‌కి తాత అది. అర పాయింట్ వచ్చింది. మరి దానికీ కారుకీ సంబంధం ఏంటి అని బావ అడిగాడు. ఆలోచిస్తే ఉంది, బెంజ్ స్వయంగా సైకిల్ పిచ్చోడు, ఆయన చేసిన 1886 బండిని సరిగ్గా చూస్తే గుర్రబ్బండి పోలిక కంటే సైకిల్ పోలికే ఎక్కువ, స్టీలు గొట్టాల ఫ్రేమ్, తీగ పుల్లల చక్రాలు, చైను. పాత గుర్రబ్బండికి ఇంజిన్ తగిలించడం కాకుండా బండి మొత్తాన్ని ఇంజిన్ కోసమే కొత్తగా ఆలోచించాడు. 954 సీసీ, ఒకే సిలిండర్, ముప్పావు హార్స్‌పవర్, గంటకి 16 కి.మీ. పేటెంట్ నంబర్ 37435, అప్లై చేసింది 1886 జనవరి 29న. ఆ పేటెంట్ కాగితాలు 2011 నుంచి యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో ఉన్నాయి.

మూడు చక్రాలే ఎందుకు? ఇది నేనడిగా, ఇద్దరూ ఖర్చు తగ్గించడానికి అనుకున్నారు. కాదు. ముందు రెండు చక్రాలు పెడితే మలుపులో రెండూ వేరే వేరే కోణాల్లో తిరగాలి, లోపలి చక్రం ఎక్కువ, బయటిది తక్కువ. అది ఎలా చెయ్యాలో ఆయనకి తృప్తిగా కుదరలేదు, అందుకని ఒకే చక్రంతో కానిచ్చాడు. 1893లో స్టీరింగ్ మీద పేటెంట్ వచ్చాకే విక్టోరియా మోడల్‌కి నాలుగు చక్రాలు పెట్టాడు. తెలియని చోట తెలిసినట్టు నటించకుండా పక్కన పెట్టి ముందుకెళ్ళడం, నాకు బెంజ్‌లో అన్నిటికంటే నచ్చేది అదే.

సాయంత్రం లాడెన్‌బర్గ్. పాత ఫ్యాక్టరీ షెడ్డులోనే ఇప్పుడు డాక్టర్ కార్ల్ బెంజ్ మ్యూజియం ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చుని మార్కుస్ సంగతి మళ్ళీ తీశాను, ఎందుకంటే అది నాకు ట్రివియా మాత్రమే కాదు. మార్కుస్ యూదుడు. 1940లో నాజీ జర్మనీ ప్రచార మంత్రిత్వ శాఖ ఎన్‌సైక్లోపీడియా వాళ్ళకి ఉత్తరం రాసింది, కారు కనిపెట్టినవాళ్ళుగా మార్కుస్ పేరు తీసేసి డైమ్లర్, బెంజ్ పేర్లు పెట్టమని. వియన్నా మ్యూజియంలో ఉన్న ఆయన కారు 1888-89 నాటిదని తర్వాత తేలింది, అంటే బెంజ్ కంటే ముందుది కాదు, ఆ లెక్కలో బావే కరెక్టు. కానీ ఒక మనిషి పేరుని ఉత్తరం రాసి చెరిపించడం వేరే విషయం. ఇద్దరూ కాసేపు ఏం మాట్లాడలేదు. బావ ఆ పేజీలో స్కోరు రాయకుండా ఊరికే "మార్కుస్" అని రాసుకున్నాడు.

రెండో రోజు – బెర్తా దారి

నా మట్టుకు ఈ ట్రిప్‌కి గుండెకాయ ఈ రోజే.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని, ఓయ్‌గెన్‌కి 15 ఏళ్ళు రిచర్డ్‌కి 13, తీసుకుని భర్తకి చెప్పకుండా బండి తీసింది, పోయింది పుట్టింటికి, ఫోర్‌ట్స్‌హైమ్‌కి. నూరు కి.మీ. పైమాటే. అప్పటిదాకా ఈ బండి ఊళ్ళో చక్కర్లు కొట్టడమే గానీ ఎవరూ ఇంత దూరం తోలలేదు. ఈ కథ మాలో అందరికీ తెలుసు, హ్యాట్ పిన్ సంగతీ తెలుసు. కానీ అదే దారిలో (2008 నుంచి దీన్ని అధికారికంగా బెర్తా బెంజ్ స్మారక మార్గం చేశారు, రానూపోనూ 194 కి.మీ., దారి పొడుగునా బోర్డులు) కారులో కూర్చుని పోతుంటే ఒక్కో ముక్క ఎందుకు జరిగిందో తెలిసొస్తుంది.

వీస్‌లోఖ్‌లో బెర్తా ఇంధనం కొన్న మందుల షాపు భవనం ఇప్పటికీ ఉంది, ఎదురుగా ఆ బండి గుర్తుగా శిల్పం. ప్రపంచంలో మొదటి పెట్రోల్ బంకు ఏది అంటే ఇదే జవాబు, చిన్నోడు టక్కున చెప్పేశాడు, అర పాయింట్. మందుల షాపే ఎందుకు? వాడు తల గోక్కున్నాడు. ఆ బండి తాగేది లిగ్రోయిన్, అంటే బట్టల మీద మరకలు తుడవడానికి వాడే ద్రావకం, అది దొరికేది మందుల షాపులోనే. ఇంకోటి, బండికి విడిగా ట్యాంకే లేదు, కార్బురేటర్లో పట్టినంతే, నాలుగున్నర లీటర్లు. అంటే దారిలో ఎక్కడో ఒకచోట కొనక తప్పదని బయల్దేరే ముందే ఆవిడకి తెలుసు! మొండి ధైర్యంతో పోయిందని చెప్పుకుంటాం గానీ బండి గురించి అంతా తెలిసిన మనిషి కాబట్టి పోయింది. పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు తీయించి ఆయన వర్క్‌షాప్‌లో పెట్టిన మనిషి ఆవిడ, ఆ ఇంజిన్ ఆవిడకి కొత్తేం కాదు.

ఇంధనం గొట్టం మూసుకుపోతే హ్యాట్ పిన్‌తో పొడిచింది, ఇగ్నిషన్ తీగ ఒరుసుకుపోతే మేజోళ్ళు జారకుండా కట్టుకునే గార్టర్ తీసి చుట్టింది. బ్రూఖ్‌జాల్‌లో కమ్మరి చైను బాగుచేశాడు. నీళ్ళు ఆవిరై చల్లబరిచే పద్ధతి కాబట్టి బావి కనపడ్డ చోటల్లా ఆగి నీళ్ళు పోసుకోవాలి. విల్‌ఫర్డింగెన్ దాటాక ఎత్తు ఎక్కేటప్పుడు బావ గేరు మార్చి "ఇక్కడే" అన్నాడు. ఏంటంటే, ఇక్కడే బండి ఎక్కలేక పిల్లలు దిగి తోశారు. మా కారుకి అసలు ఎత్తని కూడా తెలీలేదు. ఇంటికెళ్ళాక బెర్తా చెప్పిందని బెంజ్ ఎత్తుల కోసం ఇంకో కింది గేరు పెట్టాడు. ఒక టెస్ట్ డ్రైవర్ రిపోర్టు అన్నమాట అది, టెస్ట్ డ్రైవర్ అనే మాట పుట్టకముందే.

సాయంత్రానికి ఫోర్‌ట్స్‌హైమ్ చేరి ఆవిడ టెలిగ్రామ్ కొట్టింది, వచ్చేశాం అని. మేం చేరింది మధ్యాహ్నానికే, అందుకని తిరుగు దారిలో ఉండే బౌష్‌లాట్ దాకా కూడా పోయొచ్చాం, అది నా పట్టుదల. ఎందుకంటే తిరిగొచ్చేటప్పుడు బ్రేకు చెక్కలు అరిగిపోతే ఆ ఊళ్ళో చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పోయి వాటికి తోలు కొట్టించింది. బ్రేక్ లైనింగ్ పుట్టింది అక్కడ. ఇవాళ ఏ మెకానిక్ షెడ్డులోకి వెళ్ళినా వినపడే మాట. చిన్న ఊరు, పెద్దగా చూడ్డానికి ఏమీ లేదు, రోడ్డు పక్కన కారాపి అలా నడిచాం. ఆ చెప్పులు కుట్టేవాడికి తన జన్మలో అలాంటి బండి కనపడి ఉండదు, కానీ చెక్క అరగకుండా తోలు ఎలా కొట్టాలో తెలుసు. అది చాలు.

బెర్తా 1944 మే 5న పోయింది, 95 ఏళ్ళు నిండిన రెండో రోజు. ఆ పుట్టినరోజుకే కార్ల్స్‌రూహె టెక్నికల్ యూనివర్సిటీ ఆవిడకి గౌరవ సెనేటర్ హోదా ఇచ్చింది. ఇది బావ చెప్పాడు, నాకు తెలీదు. ఇచ్చాం పాయింట్.

మూడో రోజు – కాన్‌స్టాట్, మెర్సిడెస్ మ్యూజియం

పొద్దున్నే వాన. బాడ్ కాన్‌స్టాట్ పార్కులో డైమ్లర్ వర్క్‌షాప్, అదసలు తోటలో మొక్కలు పెట్టుకునే అద్దాల షెడ్డు, పక్కన ఇటుకలతో కొంచెం పెంచుకున్నాడు. అందులో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ ఇద్దరే తలుపులేసుకుని రాత్రీపగలూ పని చేస్తుంటే, లోపల్నుంచి లోహం చప్పుళ్ళు వింటున్న తోటమాలికి వీళ్ళు దొంగ నాణేలు కొడుతున్నారని అనుమానం వచ్చి పోలీసులకి చెప్పాడట. వాళ్ళు తలుపు తీసుకుని చూస్తే ఇంజిన్లు! ఈ కథ చెప్పి చెప్పి అరిగిపోయింది గానీ ఆ షెడ్డు ఎంత చిన్నదో చూస్తే ఎందుకలా అనుకున్నాడో అర్థమవుతుంది, ఇద్దరు మనుషులు గుట్టుగా ఏదో చేసుకునే చోటులాగే ఉంటుంది.

1885 రైట్‌వాగన్ ఇక్కడే పుట్టింది, 264 సీసీ, అర హార్స్‌పవర్, చెక్క ఫ్రేము, పక్కన రెండు బుల్లి చక్రాలు. మోటార్‌సైకిల్‌కి తల్లి అంటారు, కానీ డైమ్లర్‌కి రెండు చక్రాల బండి మీద ప్రేమేం లేదు, ఇంజిన్‌ని దేనికైనా బిగించొచ్చని చూపించాలి, దానికి చేతికందిన చిన్న బండి అది. తర్వాత అదే ఇంజిన్‌ని పడవకి కూడా పెట్టాడు. ఇక్కడ చిన్నోడు నన్ను పట్టేశాడు: ఇప్పుడు ఏ మ్యూజియంలో చూసినా ఉన్నది ఒరిజినలా? ఔనన్నాను. కాదు, ఒరిజినల్ 1903లో కాన్‌స్టాట్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో కాలిపోయింది, అన్నీ తర్వాత చేసిన నకళ్ళే. పాయింట్ పోయింది.

బెంజ్ ఉన్న ఊరికీ డైమ్లర్ ఉన్న ఊరికీ మధ్య నూరు కి.మీ. చిల్లర, ఇద్దరూ ఒకే కాలం, కానీ ఒకళ్ళనొకళ్ళు కలిసి మాట్లాడుకున్నదే లేదు. 1926లో రెండు కంపెనీలు కలిసేనాటికి డైమ్లర్ పోయి 26 ఏళ్ళు. ఇక మెర్సిడెస్ పేరు అందరికీ తెలిసిందే, డైమ్లర్ కార్లు అమ్మే ఎమిల్ యెలినెక్ కూతురి పేరు. దానికి ఎందుకు ఏంటంటే ఆయన నీస్‌లో రేసులకి కూతురి పేరుతోనే దిగేవాడు, 36 కార్లకి ఒకేసారి ఆర్డరిచ్చి వాటికి ఆ పేరు పెట్టమన్నాడు, 1901లో ఆ 35 హార్స్‌పవర్ కారు నీస్‌లో అందర్నీ ఊడ్చేసింది. 1903లో ఆయన తన ఇంటిపేరునే యెలినెక్-మెర్సిడెస్ అని మార్చుకున్నాడు.

మ్యూజియం సంగతికొస్తే, 2006లో కట్టిన బిల్డింగు, లిఫ్టులో పైకి తీసుకెళ్ళి అక్కణ్ణుంచి కిందికి నడిపిస్తారు, డీఎన్ఏ మెలికలాగా రెండు దారులు. మొదట కనిపించేది కారు కాదు, తెల్ల గుర్రం బొమ్మ. మేం ఎక్కువసేపు ఆగింది 1954 గల్‌వింగ్ (మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్, తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేచే కారు) దగ్గర. తలుపులు పైకెందుకు తెరుచుకుంటాయి? స్టైల్ కోసం అనుకునేవాళ్ళే ఎక్కువ. రేసు కారు నుంచి వచ్చిన సన్న గొట్టాల ఫ్రేము అది, గట్టిదనం కోసం పక్కల బాగా ఎత్తుగా ఉంటుంది, మామూలు తలుపు పెట్టడానికి చోటే లేదు. తలుపు పైకి పోవడం ఫ్రేము చేసిన పని, డ్రాయింగ్ గీసినవాడిది కాదు. కూర్చోవడానికి వీలుగా స్టీరింగ్ వీల్ కూడా మడిచేలా పెట్టారు. 1,400 చేశారు కూపేలు. ఈ ఒక్కదానికి బావ పక్కనున్న వేరే దేశం పెద్దాయనతో అరగంట మాట్లాడాడు, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, చేతులతోనే గొట్టాలు గీసుకున్నారు.

సిల్వర్ యారోస్ (1930ల జర్మన్ రేసు కార్లకి ఆ పేరు) కథ దగ్గర మాత్రం గట్టిగా గొడవ. కథేంటంటే 1934 ఐఫెల్ రేసులో బరువు లిమిట్ 750 కిలోలు, కారు 751 తూగింది, రాత్రికి రాత్రి తెల్ల రంగు గీకేశారు, కింద అల్యూమినియం వెండిలా మెరిసింది, అలా జర్మన్ కార్లు వెండి రంగువయ్యాయి. చిన్నోడికి ప్రాణం ఈ కథంటే. నేను ఒప్పుకోలేదు. ఆ రేసు 750 కిలోల ఫార్ములాలో జరగనే లేదు, ఫ్రీ ఫార్ములా, అక్కడ బరువు చూడాల్సిన పనే లేదు. పైగా ఈ కథ బాగా పాకింది టీమ్ మేనేజర్ అల్‌ఫ్రెడ్ నాయ్‌బావర్ 1958లో రాసుకున్న జ్ఞాపకాలతో. 1932లోనే ఆవుస్ ట్రాక్ మీద బ్రౌఖిట్ష్ తోలిన పెయింటు లేని కారు వెండిలా మెరిసింది కూడా. చిన్నోడు మొహం చిన్నబుచ్చుకున్నాడు, నాకూ కష్టంగానే అనిపించింది, ఎందుకంటే ఆ కథ నాకూ ఇష్టమే. కానీ ఎందుకు అని అడిగే రూలు పెట్టుకున్నాక ఇష్టమైన కథని వదిలిపెట్టడం కుదరదు.

తెలుపు ఎందుకో మాత్రం పక్కా. 1900 గోర్డన్ బెన్నెట్ కప్ అనే కార్ల రేసు నాటికి దేశానికో రంగు: ఫ్రాన్స్‌కి నీలం, బెల్జియంకి పసుపు, జర్మనీకి తెలుపు, మరి ఎరుపు? ఇటలీ అన్నారు ఇద్దరూ. అప్పుడు ఎరుపు అమెరికాది!

నాలుగో రోజు – ట్సుఫెన్‌హౌజెన్

పోర్షె మ్యూజియం. సగం రోజే ఉన్నాం, చిన్నోడికి అది చాల్లేదు. ఇక్కడ వాడే రాజు.

పోర్షె 901 కారు ఎందుకు 911 అయింది అనేది అందరూ చెప్పే ప్రశ్నే. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో 901 అని చూపించారు, మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు ఫ్రాన్స్‌లో మావి అని ప్యూజో అంది, దాంతో సున్నా తీసి ఒకటి పెట్టారు. కానీ అప్పటికే 901 పేరుతో 82 బండ్లు తయారైపోయాయి, అందులో 57వ నంబరుది 2014లో ఒక షెడ్డులో తుప్పు పట్టి, ముందు రెక్కలు లేకుండా దొరికితే మూడేళ్ళు బాగుచేసి ఇక్కడికి తెచ్చారు. తుప్పు పట్టిన ఫోటోలు ఇంతకుముందే చూశాను, చూసినవాళ్ళెవరికైనా ఆ పని చేసినవాళ్ళ ఓపికకి దండం పెట్టాలనిపిస్తుంది.

తాళం ఎడమ పక్కన ఎందుకు అంటే లె మాన్ (ఫ్రాన్స్‌లో ఇరవైనాలుగు గంటల కార్ల రేసు) స్టార్ట్ వల్ల అని చెప్పుకుంటారు, డ్రైవర్ పరిగెత్తుకొచ్చి ఎక్కి ఎడం చేత్తో స్టార్ట్ చేసి కుడి చేత్తో గేరు వేస్తాడని. అయితే ఆ పరుగు స్టార్ట్ ఎందుకు పోయింది? ఇది చిన్నోడి ప్రశ్న, చెప్తూ వాడి గొంతే మారిపోయింది. 1969లో రేసర్ జాకీ ఇక్స్ పరిగెత్తలేదు, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి, బెల్టు సరిగ్గా పెట్టుకుని అందరికంటే ఆఖర్న బయల్దేరాడు. తొందరలో బెల్టు పెట్టుకోకుండా పోతారు, అది ప్రాణం మీదకొస్తుంది అని చెప్పడానికి. అదే రేసు మొదటి ల్యాపులోనే జాన్ వుల్ఫ్ పోర్షె 917లో బెల్టు లేకుండా పోయి చనిపోయాడు. ఇరవైనాలుగు గంటల తర్వాత ఆఖర్న బయల్దేరిన ఇక్సే గెలిచాడు, రెండో స్థానం పోర్షె 908ది, తేడా నూటిరవై మీటర్లు అటూఇటుగా. మరుసటేడు నుంచి డ్రైవర్లు బెల్టులు కట్టుకుని కూర్చునే స్టార్ట్. ఒక మనిషి నడక రూలుని మార్చింది. వాడికి ఒకటిన్నర పాయింట్లు ఇచ్చాడు బావ, రూల్లో లేకపోయినా.

ఐదో రోజు – మోల్స్‌హైమ్

రైన్ దాటి ఆల్సాస్. మోల్స్‌హైమ్ అంటే బుగాట్టి. బావ ఇక్కడ ట్రిక్కు ప్రశ్న వేశాడు, బుగాట్టి ఏ దేశం కారు? ఫ్రాన్స్ అంటే సరిపోదు. ఎట్టోరె బుగాట్టి పుట్టింది మిలాన్‌లో, 1909లో ఫ్యాక్టరీ పెట్టేనాటికి ఈ ఊరు జర్మన్ సామ్రాజ్యంలో ఉంది, మొదటి యుద్ధం తర్వాతే ఫ్రాన్స్ చేతికొచ్చింది. ఫ్యాక్టరీ కదల్లేదు, సరిహద్దే కదిలింది. కార్లకి నీలం రంగు పడింది.

అట్లాంటిక్ మోడల్ సంగతి చెప్పాలి. వెన్ను మీద పొడుగ్గా రివెట్లు కొట్టిన అతుకు ఉంటుంది కదా, ఎందుకు? దీనికి ముందు చేసిన ఏరోలిత్ అనే షో కారుని ఎలెక్ట్రాన్ అనే మెగ్నీషియం లోహంతో చేశారు, దానికి వెల్డింగ్ పెడితే అంటుకుంటుంది, అందుకని రెక్కలు వంచి రివెట్లు కొట్టారు. అసలు అట్లాంటిక్‌లు అల్యూమినియంవి, వాటికి రివెట్లు అక్కర్లేదు, కానీ ఆ గీతే కారుకి అందం అయిపోయింది కాబట్టి ఉంచేశారు. మొత్తం నాలుగే చేశారు, అందులో నల్లది, జాన్ బుగాట్టి సొంతానికి వాడుకున్నది, రెండో యుద్ధం మొదట్లో మాయమై ఇప్పటిదాకా దొరకలేదు.

ఆ జాన్, ఎట్టోరె కొడుకు, 1939 ఆగస్టు 11న ఈ ఊరికి దగ్గర్లో, డుప్పిగ్‌హైమ్ పక్కన రోడ్డు మీద, ఆ ఏడు లె మాన్ గెలిచిన కారునే టెస్టు చేస్తూ, మూసేసిన రోడ్డు మీదకి సైకిలేసుకుని వచ్చిన ఒకాయన్ని తప్పించబోయి చెట్టుకి గుద్దుకుని పోయాడు. 30 ఏళ్ళు. మూడు వారాల్లో యుద్ధం మొదలైంది. ఎట్టోరె 1947లో పోయాడు, ఆ తర్వాత ఫ్యాక్టరీ కోలుకోలేదు, కొన్నేళ్ళకే కార్లు ఆగిపోయాయి, ఆ పేరుతో మళ్ళీ రావడానికి దశాబ్దాలు పట్టింది. రోడ్డు పక్కన చిన్న స్మారకం ఉంది. ట్రివియా ఆడాలనిపించలేదు అక్కడ. డార్లిస్‌హైమ్ శ్మశానంలో తండ్రీకొడుకుల సమాధి కూడా చూసి, సాయంత్రం ఎండ తగ్గాక బయల్దేరాం.

ఆరో రోజు – మ్యులూజ్

ఇంత పెద్ద హాలు ఊహించలేదు. ఊలు మిల్లు ఇది, ష్లుంఫ్ అన్నదమ్ములు హాన్స్, ఫ్రిట్స్‌లది. లోపల పారిస్‌లో అలెగ్జాండర్ వంతెన మీద ఉండే దీపస్తంభాల నమూనాలు వందల కొద్దీ వరసగా పెట్టుకున్నారు, వాటి కింద కార్లు. నాలుగు వందల పైచిలుకు, అందులో బుగాట్టీలే నూటిరవై. ఫ్రిట్స్‌కి బుగాట్టి పిచ్చి. ఓనర్లకి ఉత్తరాలు రాసి రాసి కొన్నాడు, అమెరికాలో ఒకే మనిషి దగ్గర 30 బుగాట్టీలుంటే అన్నీ ఒకే దెబ్బకి తీసుకుని రైల్లో ఓడలో తెప్పించాడు. అన్నీ రహస్యంగా, తలుపులు మూసి. మిల్లులు నష్టాల్లో పడి కూలీలకి పని పోయింది, 1977లో కార్మికులు లోపలికి చొరబడి చూస్తే ఇదీ కథ. తమ జీతాలు ఎటుపోయాయో అప్పుడు కళ్ళారా చూశారు. అన్నదమ్ములు స్విట్జర్లాండ్ పోయారు, కార్మికులు రెండేళ్ళు ఆ హాలుని ఆక్రమించి మ్యూజియంలా నడిపారు, జనాన్ని పిలిచి చూపించారు. 1978లో ఆ కలెక్షన్‌ని చారిత్రక సంపదగా ప్రకటించడంతో ముక్కలుముక్కలుగా అమ్ముడుపోకుండా నిలబడింది, 1982లో అసలు మ్యూజియం తెరిచారు.

నాకు ఇక్కడ మనసు రెండుగా చీలింది. ఆ అన్నదమ్ముల పిచ్చే లేకపోతే వీటిలో సగం తుక్కు కింద పోయేవి. ఆ కూలీల కోపం కూడా నూటికి నూరుపాళ్ళూ న్యాయం. కోపంలోనూ వాళ్ళు ఈ కార్లని కాపాడారు, అది తలుచుకుంటే వాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది. చాలామంది ఈ మ్యూజియం గురించి ష్లుంఫ్ పేరుతోనే మాట్లాడతారు. ఆ రెండేళ్ళ సంగతి అడిగే ప్రశ్న ఏ క్విజ్‌లోనూ నాకు తగల్లేదు, నేనిక నుంచి అడుగుతాను.

బుగాట్టి రొయాల్ అనే భారీ కారు దగ్గర చాలాసేపు నిలబడ్డాం. 12.7 లీటర్ల ఇంజిన్, ఆరే చేశారు, అమ్ముడైంది మూడు. ఇక్కడ రెండు ఒరిజినల్స్ ఉన్నాయి. రేడియేటర్ మీద వెనక కాళ్ళ మీద లేచిన ఏనుగు, అది ఎట్టోరె తమ్ముడు రెంబ్రాంట్ బుగాట్టి చెక్కిన బొమ్మ, శిల్పి ఆయన, 1916లోనే పోయాడు. అంటే రాజుల కోసమని చేసిన కారు నెత్తిన చనిపోయిన తమ్ముణ్ణి పెట్టుకున్నాడు. ఈ మాట బావ అన్నాడు, నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు. ఇంకో రొయాల్‌కి, ఎస్‌డెర్స్ అనే ఆయన చేయించుకున్నదానికి, అసలు హెడ్‌లైట్లే లేవు, ఎందుకంటే ఆయన రాత్రిపూట కారు తోలడు! దాని నకలు ఇక్కడుంది. మరి అమ్ముడుపోని ఆ పెద్ద ఇంజిన్లు ఏమయ్యాయి? రైళ్ళకి బిగించారు. బుగాట్టి రైలుకారు, ఒక్కో దానికి రెండో నాలుగో ఇంజిన్లు. ఆ రైలుకారు ఒకటి ఇదే ఊళ్ళో రైళ్ళ మ్యూజియంలో ఉంది, పరిగెత్తుకుంటూ వెళ్ళి మూసేలోగా చూశాం. ఫెయిలైన కారు కంపెనీని రైలు పట్టాల మీద బతికించింది.

ఏడో రోజు – టురిన్

పొద్దున్న నాలుగింటికి లేచి ఆల్ప్స్ దాటాం. దారంతా చిన్నోడు నిద్రే.

ముందుగా లింగొట్టో. 1923లో పూర్తయిన ఫియట్ ఫ్యాక్టరీ, మత్తె ట్రుక్కో అనే ఇంజినీరు డిజైన్, ఐదంతస్తులు, అర కి.మీ. పొడుగు, నెత్తి మీద రేస్ ట్రాక్. మేడ మీద ట్రాక్ ఎందుకు? చోటు లేక అన్నాడు చిన్నోడు కళ్ళు నులుముకుంటూ. అంతకంటే పెద్ద కారణం ఉంది. సామాను కింద అంతస్తులో లోపలికొస్తుంది, ఒక్కో పని అయ్యేకొద్దీ ఒక్కో అంతస్తు పైకెక్కుతుంది, ఆఖరి బోల్టు బిగించేసరికి కారు డాబా మీద ఉంటుంది. ఇక టెస్టు చెయ్యడానికి కిందికి దించడం దేనికి, అక్కడే తిప్పి చూసి మెలికల ర్యాంపు మీంచి దించేస్తే సరి. 1982లో ఫ్యాక్టరీ మూసేశారు. ఇప్పుడా ట్రాక్ మీద నలభై వేల మొక్కలు పెట్టి తోట చేశారు, 2021 నుంచి. మలుపుల దగ్గర గట్టు కట్టిన వాలు ఇంకా అలాగే ఉంది, ఆ వాలు మీద నిలబడితే కాళ్ళు వాటంతటవే లోపలికి జారుతున్నట్టుంటుంది. ముగ్గురం రౌండు మొత్తం నడిచాం.

ఆఖరున ఆటోమొబైల్ మ్యూజియం, అందులో నేను వారం నుంచి ఎదురుచూస్తున్న ఇటాలా అనే కారు. 1907లో లె మతాన్ పత్రిక ఎవరైనా పెకింగ్ నుంచి పారిస్‌కి కారులో రాగలరా అని సవాలు విసిరితే ఐదు బండ్లు దిగాయి. జూన్ 10న బయల్దేరి ఆగస్టు 10న పారిస్ చేరింది ఈ బండి, షిపియొనె బొర్గీసె అనే ప్రిన్సు, మెకానిక్ ఎట్టోరె గిజార్డి, విలేకరి లుయీజి బార్జీని. 7 లీటర్లు దాటిన ఇంజిన్. పెట్రోలు ఎడారిలో ముందుగానే ఒంటెల మీద పంపించి పెట్టుకున్నారు. రెండోగా వచ్చినవాళ్ళకి ఇంకో మూడు వారాలు పట్టింది, మధ్యలో బొర్గీసె విందుకని సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా చుట్టూ తిరిగొచ్చినా కూడా!

చిన్నోడు చక్రాల దగ్గర వంగి చూస్తున్నాడు. అప్పటికి స్కోరు బావవి పదకొండు, నావి పదకొండు, వాడివి పది. వాడే ఆఖరి ప్రశ్న వేశాడు, ఇది వాడు ముందే అనుకున్నదో అప్పుడే తట్టిందో తెలీదు. "అన్నయ్యా, బావగారూ, ఈ చక్రానికీ మనం రెండో రోజు చూసొచ్చిన బౌష్‌లాట్‌కీ ఏంటి సంబంధం?"

బావ నా వైపు చూశాడు. నేనే చెప్పాను. రష్యాలో చెక్క చక్రం పుల్లలు వదులై విరిగిపోతే, ఊళ్ళో వడ్రంగి గొడ్డలి పట్టుకుని కూర్చుని కొత్త పుల్లలు చెక్కి చక్రం కట్టిచ్చాడు, ఆ తర్వాత బండి పారిస్ దాకా వచ్చేసింది. అతనికి కార్లు తెలీదు, బండి చక్రాలు తెలుసు. బౌష్‌లాట్‌లో ఆయనకీ కార్లు తెలీదు, తోలు తెలుసు.

"జవాబుకి అర, ఎందుకుకి అర" అని బావ నోట్‌బుక్ తీశాడు. నా పేరు కింద రాయబోయి ఆగి, పేజీ తిప్పి, మార్కుస్ అని రాసుకున్న చోట కింద "చెప్పులు కుట్టేవాడు, బౌష్‌లాట్" అనీ "వడ్రంగి, రష్యా" అనీ రాసి, చెరో పాయింట్ వేశాడు.